మామ్మ అన్న మాట

మచిలీపట్నం,
19 ఆగస్టు 2025, మంగళవారం.

నాగాయలంకలో ఉన్న సంతోషమ్మ మామ్మగారికి,

బందరు నుంచి నౌషీన్ సలాములూ వందనాలూ రెండూ కలిపి పంపుతూ రాస్తున్న ఉత్తరం.

ఉత్తరం ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టాలని మా తెలుగు మేడమ్ చెప్పారు. ఇక్కడ మేమూ అక్కడ మీరూ బాగున్నాం, ఆ పైన రాసేదేమంటే, అని దాని అర్థమట. ఇన్ని మాటల పని ఒక్క మాటే చేసేస్తోందే అని ముచ్చటపడి నోట్సులో గుండ్రంగా రాసుకున్నాను. తీరా మీకు రాద్దామని కూర్చుంటే కలం అక్కడే ఆగిపోయింది. ఉభయులూ కుశలంగా లేనప్పుడు ఏం రాయాలో మేడమ్ చెప్పలేదు మామ్మా. అందుకని దాన్ని వదిలేసి ఉన్నదున్నట్టు రాస్తాను. వండుకుంటున్నాం, తింటున్నాం, వానలు పడుతున్నాయి. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ఫోన్‌లో మీకు మాట అందదు కాబట్టి ఈ ఉత్తరం. మీ మనవరాలు దీవెన మీ కుడిచెవి పక్కన కూర్చుని గట్టిగా చదువుతుంది, మీ వీధి సగం వింటుంది. అది నాకు తెలుసు. దీవెనా, నీకు ముందే చెప్తున్నా, మధ్యలో నీ సొంత మాటలు కలపొద్దు. ఏడుపొచ్చిన చోట వాక్యాలు మింగొద్దు. ఒక్కో వాక్యం కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి తయారుచేసుకున్నాను. నా కష్టం నీకేం తెలుసు.

వినేవాళ్ళలో నన్నెరగని వాళ్ళుంటే నేనెవరో చెప్పాలి కదా. బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. కిందటేడు అక్టోబరులో మీ మనవడు కళ్యాణ్ పడవ తిరగబడినప్పుడు అందులో ఉన్న ఇంజన్ మెకానిక్ ఫైసల్ చెల్లెల్ని. ‘నీళ్ళలో పోయిన ఫైసల్’ అని రాసి, కొట్టేసి, ‘అందులో ఉన్న’ అని దిద్దాను. మా ఇంట్లో ‘పోయిన’ అనే మాట అనకూడదు. ఈ ఉత్తరమంతా దాని గురించే.

మీకు తెలిసిన సంగతే అయినా మా వైపు నుంచి ఒకసారి చెప్తాను. గుడివాడలో ఇంజన్లు బాగుచేసే షెడ్డులో మా భయ్యా, మీ కళ్యాణ్ అన్నయ్య కలిసి పని నేర్చుకున్నారు. ఒకే గది, ఒకే స్టవ్వు, బట్టలు ఆరేసుకోవడానికి ఒకే దండెం. ఏ చొక్కా ఎవరిదో వాళ్ళకే గుర్తుండేది కాదు. భయ్యా పండక్కి కళ్యాణ్ అన్నయ్య చొక్కాతో దిగితే అమ్మీ తిట్టేది, నేను కొనిపెట్టిన నీలం చొక్కా ఏదిరా అని. అది నాగాయలంకలో క్రిస్మస్ చేసుకుంటోంది అమ్మీ, జనవరిలో వస్తుందిలే అనేవాడు. మీరు వాణ్ణి పైసలబ్బాయ్ అని పిలిచేవారట. పైసల్లేని పైసల్ని మామ్మా అని వాడనేవాడట. ఇంటికొచ్చి మీ గొంతుతో అదంతా చేసి చూపించేవాడు. ఎంత మొండి ఇంజనైనా వాడి చెయ్యి పడితే లేచేది. ఈత ఒక్కటే రాదు. బందరువాడికి ఈత రాదంటే నవ్వుతారని బయట ఎవరికీ చెప్పుకోలేదు. కళ్యాణ్ అన్నయ్యకి కూడా చెప్పలేదు.

ఆ రోజు, బాగుచేసిన ఇంజను ఎలా లాగుతుందో చూద్దామని ఇద్దరూ పడవ తీసుకుని కృష్ణ సముద్రంలో కలిసే వైపు వెళ్ళారు. కళ్యాణ్ అన్నయ్య డీజిల్ డబ్బా పట్టుకుని ఒడ్డుకి వచ్చాడు. భయ్యా రాలేదు. మీ ఊరి పడవలన్నీ వెతికాయి. చెప్పు కూడా దొరకలేదు.

పేపర్లో ‘యువకుడు గల్లంతు’ అని వేశారు. అమ్మీ ఆ ముక్క కత్తిరించి దాచుకుంది. గల్లంతుకీ మృతికీ తేడా ఉంది కదా అని నన్నడిగింది. ఉందన్నాను. చచ్చిపోయాడని తెలిస్తే మృతి అనే వేసేవాళ్ళు కదా, వాళ్ళు చదువుకున్నవాళ్ళు అంది. తర్వాత నేను కాలేజీ లైబ్రరీలో నిఘంటువు తీసి చూశాను. గల్లంతు అంటే మొదట గోల, గందరగోళం అనట. మనిషి నీళ్ళలో కనపడకుండా పోవడానికి ఆ మాట ఎప్పుడొచ్చి చేరిందో తెలియలేదు. మా ఇంట్లో అయితే ఆ రోజు నుంచి గోల అన్నదే లేదు. చెంచా కింద పడినా అందరం ఉలిక్కిపడుతున్నాం.

వెతికినన్నాళ్ళూ నేనూ అమ్మీ మీ ఇంట్లోనే ఉన్నాం. మీరు మాకోసం కొత్త గిన్నెలు తెప్పించారు. ఎందుకండీ ఇదంతా అని అమ్మీ అంటే, మీ ఇంటి పద్ధతులు మాకు తెలియవమ్మా, ఎక్కడన్నా తప్పొస్తే మీరు తినరు, తినకపోతే వెతకడానికి ఓపిక ఉండదు అన్నారు. ఆ గిన్నెలు నేనెప్పటికీ మర్చిపోను. మేం బయల్దేరే ముందురోజు మీరూ అమ్మీ వెనక వసారాలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను టీ పట్టుకొచ్చేసరికి చివరి మాట ఒక్కటే నా చెవిన పడింది. నిరీక్షణ విడిచిపెట్టకమ్మా అన్నారు మీరు. అమ్మీ తల ఊపింది.

మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం కదా. బస్సు దిగి ఇంటికి రాగానే అబ్బా అడిగారు, ఆ పెద్దావిడ ఏమంది అని. ఇంతెజార్ మత్ ఛోడో బోలే అంది అమ్మీ. ఎదురుచూడటం మానొద్దన్నారు అని. నేను పక్కనే ఉన్నాను. తప్పనిపించలేదు. నిరీక్షణ అంటే ఇంతెజారే కదా, క్లాసులో ఎవరడిగినా నేనూ అదే చెప్పేదాన్ని, చెయ్యెత్తి మరీ.

నలభయ్యో రోజు దగ్గరపడుతుంటే అబ్బా, వాడి పేరున ఫాతెహా చదివిద్దాం అన్నారు. శవం లేదు, జనాజా నమాజు లేదు, కనీసం నలుగుర్ని కూర్చోబెట్టి దువా అయినా చేయిద్దాం అన్నారు. మసీదు హజ్రత్‌తో మాట్లాడి వచ్చారు కూడా. అమ్మీ చాప పరవనివ్వలేదు. ఫాతెహా చదివితే వాడు లేడని మనమే చాటించినట్టు అంది. కడుపుకోత తెలిసిన పెద్దావిడే ఎదురుచూడమంది, ఆవిడకంటే నీకు ఎక్కువ తెలుసా అంది. అబ్బా నోరు మూతపడింది. మీ పాప కరుణ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు మామ్మా. డెబ్భై ఏడు ఉప్పెనలో మీ చేతుల్లోంచి జారిపోయిందనీ, మళ్ళీ దొరకలేదనీ దీవెన మాకు చెప్పింది. మీ మాటకి ఎదురు చెప్పగలిగేంత దుఃఖం మా వీధిలో ఎవరి దగ్గరా లేదు.

అప్పట్నుంచి అమ్మీ వీధి తలుపుకి గొళ్ళెం వేయనివ్వదు. పొరపాటున కూడా ఎవరూ వేయకుండా దానికి గుడ్డ చుట్టి కట్టేసింది. వానొస్తే జల్లు మంచం దాకా కొడుతుంది. పక్కింటి మేక దర్జాగా లోపలికొచ్చి నా వ్యాకరణం నోట్సు సంధుల దగ్గర మొదలుపెట్టి సమాసాల దాకా నమిలేసింది. ఖైరున్ ఆపా, ఇలా తలుపు బార్లా తీసి పడుకుంటే దొంగలొస్తారు అని ఎదురింటావిడ అంటే, ఒక్కడు రావాలమ్మా, వాడితో పాటు ఎవరొచ్చినా రానీ అంది అమ్మీ. భయ్యా నంబరుకి నెలనెలా రీచార్జ్ చేయిస్తుంది. చేయించాక ఒకసారి డయల్ చేసి, స్విచాఫ్ అని చెప్పే ఆడగొంతు మొత్తం విని పెట్టేస్తుంది.

మావాళ్ళందరూ సబర్, సబర్, ఓర్చుకో అంటారు. తెలుగువాళ్ళయితే, ఇంక ఒప్పుకోవాలమ్మా, దేవుడి నిర్ణయం అంటారు. ‘ఒప్పుకోవడం’ అనే మాట నాకు నచ్చదు మామ్మా. అందులో ‘ఒప్పు’ ఉంది. జరిగింది ఒప్పు కాదు కదా, మరెలా ఒప్పుకుంటాం? మేడమ్‌ని అడిగితే, నువ్వు మాటల్ని మరీ ఊడదీస్తావే, అలా ఊడదీస్తే బతకలేం అన్నారు.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. నాకు భయం అమ్మీ కాలి గురించి. షుగరు ఉంది కదా, బొటనవేలి పక్కన పుండు పడింది, మానడం లేదు. ఆసుపత్రికి రా అంటే గడప దాటదు. నేను లేని పూట వాడొచ్చి, ఇల్లు ఖాళీగా చూసి వెళ్ళిపోతే అంటుంది. కట్టు మార్చడానికి వచ్చే జెనిఫర్ నర్సమ్మ, ఇలాగే ఇంట్లో కూర్చుంటే ముందు వేలు తీస్తారు, తర్వాత పాదం తీస్తారు అని నన్ను పక్కకి పిలిచి చెప్పింది. అబ్బా బతిమాలారు. అరిచారు. తర్వాత మాట్లాడటం మానేశారు. ఇప్పుడు వాళ్ళిద్దరూ నా ద్వారా మాట్లాడుకుంటారు. మీ అమ్మీకి చెప్పు ఉప్పెక్కువైందని. మీ అబ్బాకి చెప్పు, నీళ్ళు పోసుకోమని.

కిందటి బుధవారం అబ్బా మందులు మర్చిపోయి వెళ్తే పెడన తీసుకెళ్ళాను. అక్కడ కలంకారీ షెడ్డులో ఆయన బట్ట మీద అచ్చులు వేస్తారు. చెక్క అచ్చుని రంగులో అద్ది, బట్ట మీద పెట్టి, పైన పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాలి. గుమ్మంలో నిలబడి చూశాను. గుద్దినప్పుడల్లా ఆయన పెదవులు కదులుతున్నాయి. పక్క బల్ల మీద పనిచేసే శ్యాంబాబు గారు చెప్పారు. మీ నాన్న అచ్చు వేసినప్పుడల్లా ఒక దువా చదువుతాడమ్మా, మొదట్లో మేం లెక్కపెట్టుకుంటున్నాడేమో అనుకున్నాం అని. ఇంట్లో చదవనివ్వని ఫాతెహాని ఆయన దుప్పట్ల మీద చదువుతున్నారు మామ్మా. ఆ దుప్పట్లు ఏ ఊళ్ళో ఎవరు పరుచుకుంటారో. మా భయ్యా పేరున చదివిన దువాల మీద పడుకున్నామని వాళ్ళకి తెలియదు.

ఆ ఏడుపు మొహంతోనే షేర్ ఆటో ఎక్కబోతుంటే, దాని వెనక ఎర్ర రంగుతో ‘నా నిరీక్షణ ప్రభువే’ అని రాసి ఉంది. మీ మాట! నాకు అక్షరాలు కనపడితే ఊరుకోబుద్ధి కాదు కదా. ఏవండీ, దేవుడి కోసం వెయిటింగా అని అడిగాను. ఆటో ఆయన, పేరు దానియేలు, గట్టిగా నవ్వాడు. వెయిటింగ్ కాదు చెల్లెమ్మా, నిరీక్షణ అంటే హోప్, మా పెద్దపాప పేరు కూడా నిరీక్షణే, ఎవరన్నా కన్నబిడ్డకి వెయిటింగ్ అని పేరు పెట్టుకుంటారా అన్నాడు. నా పక్కన చేపల గంపతో కూర్చున్నావిడ ఊరుకుంటుందా. నీ ఆటో ఎక్కినోళ్ళ పిల్లలకి పెట్టొచ్చులే ఆ పేరు, సీట్లు నిండేదాకా కదలవుగా అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా చెవుల్లో మీ వెనక వసారా మాట తిరుగుతోంది.

మర్నాడు లైబ్రరీలో మళ్ళీ నిఘంటువు తీశాను. నిరీక్షణము, చూచుట, ఎదురుచూచుట అని ఉంది. అంతే. మీ చర్చిలో దానికి ఇంకో అర్థం ఉందనీ, అక్కడ అది ఆశ అనీ ఆ పుస్తకం రాసినవాళ్ళకి తెలియదో, తెలిసీ రాయలేదో. ఒకే ఊళ్ళో, ఒకే తెలుగులో, ఒకే మాట. మీ వీధిలో ఉమ్మీద్, మా వీధిలో ఇంతెజార్.

కాబట్టి మామ్మా, నాకు అర్థమైంది ఇది. మీరు అమ్మీని ఎదురుచూడమనలేదు. ఆశ వదలొద్దు అన్నారు. మీ నమ్మకంలో పోయినవాళ్ళని మళ్ళీ కలుసుకుంటామన్న ఆశ అది. మా నమ్మకంలోనూ ఉంది. అమ్మీ దాన్ని ఉర్దూలోకి తెచ్చుకునేటప్పుడు తప్పు మాట ఎంచుకుంది. ఆ ఒక్క తప్పు మాట వల్ల మా తలుపు మూతపడలేదు, చాప పరుచుకోలేదు, ఆమె కాలు మానలేదు. ఇందులో మీ తప్పు రవ్వంత కూడా లేదు. కానీ విప్పగలిగింది మీరే. నేను చెప్తే, పుస్తకాలు చదివి అమ్మకే అర్థాలు చెప్తావా అంటుంది. మీరు ఒక్కసారి బందరు రండి. మోకాళ్ళు సహకరించకపోతే, నేను ఎదురుచూడమనలేదమ్మా అని మీ మాటగా దీవెన చేత రాయించి పంపండి. ఆ ఒక్క వాక్యం చాలు. ఎదురుచూడటానికి తలుపు తెరిచి ఉంచుకోవాలి, ఇంట్లో మనిషి ఉండాలి, చెవులు వీధిలో పెట్టుకోవాలి. ఆశకి ఇవేవీ అక్కర్లేదేమో కదా మామ్మా. ఆశ ఉన్న మనిషి తలుపుకి తాళం వేసి ఆసుపత్రికి వెళ్ళి రావచ్చు కదా. చిన్నదాన్ని, తప్పుగా అనుకుంటున్నానేమో. మీరే చెప్పాలి.

ఇంకొక్క సంగతి ఉంది. రాయనా వద్దా అని చాలా ఆలోచించాను. కళ్యాణ్ అన్నయ్య ఆ తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు. కానీ అప్పుడప్పుడూ బందరు వస్తున్నాడు. మా వీధి మలుపులో టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడతాడు. తాగడు. మా తలుపు వైపు చూసి, గ్లాసు అక్కడ పెట్టేసి వెళ్ళిపోతాడు. నేను ఒకసారి పరుగెత్తాను, అప్పటికే బస్టాండు వైపు తిరిగిపోయాడు. మీరు దీని గురించి అతన్ని ఏమీ అడగొద్దు. అతనికి మా మీద భయమో, మా తలుపు మీద భయమో నాకు తెలియదు. తెరిచి ఉన్న తలుపుని చూసి కూడా మనుషులు భయపడతారని మాత్రం నాకు ఈ ఏడాదే తెలిసింది.

వానలు తగ్గాక నేను దివిసీమ వస్తాను. మీ వసారాలో కూర్చుని మీ చర్చి మాటలన్నీ రాసుకుంటాను. దీవెనకి నా ముద్దులు, వాక్యాలు మింగకుండా చదివి ఉంటేనే.

ఇట్లు,
మీ పైసలబ్బాయి చెల్లెలు,
నౌషీన్.

తా.క.: బుధవారం సాయంత్రం. కవరు ఇంకా అంటించలేదు మామ్మా, మంచిదే అయింది. దీవెనా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, కళ్యాణ్ అన్నయ్య అరుగు మీద ఉంటే లోపలికి పిలు. ఇంట్లో లేకపోతే వచ్చేదాకా ఇక్కడి నుంచి చదవొద్దు.

నేను ఏది రాసినా చివర ఒకసారి పైకి చదువుకుంటాను, వాక్యం ఎక్కడ కుంటుతుందో చెవికి తెలుస్తుందని. అమ్మీ వంటింట్లో బియ్యం ఏరుతోంది, వినదనుకున్నాను. చదవడం అయ్యేసరికి చేట చప్పుడు లేదు. తలెత్తి చూస్తే గుమ్మంలో నిలబడి ఉంది. మళ్ళీ చదువు, పెడన దగ్గర్నుంచి అంది. చదివాను. అబ్బా అచ్చులు వేస్తూ దువా చదువుకోవడం దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకుని కింద కూర్చుంది. ఆమెకి తెలియదట. అదే ఇంట్లో ఉంటూ తెలియదట.

ఆటో ఆయన మాటల దగ్గరికి వస్తే నవ్వింది మామ్మా. ఎన్ని నెలలకో. పిచ్చిదానా, నేను ఏడో తరగతి దాకా మిషన్ బళ్ళో చదివాను, రోజూ పొద్దున్నే ప్రార్థనలో ఆ మాట అనేవాళ్ళం, నిరీక్షణ అంటే ఏంటో నాకు నువ్వు చెప్పాలా అంది.

మరి అబ్బాకి ఇంతెజార్ అని ఎందుకు చెప్పావ్, అబద్ధమాడావా అన్నాను. అబద్ధం కాదు, తర్జుమా చేశాను అంది. అది కూడా నాకు కావలసినట్టు చేసుకున్నాను అంది. మీ అబ్బా చాప పరవడానికి సిద్ధంగా ఉన్నారు, నేను వద్దంటే వినేవారా, నా దగ్గర ఏముంది చూపించడానికి, ఆ పెద్దావిడ దుఃఖం అరువు తెచ్చుకున్నాను అంది.

అప్పుడు చెప్పింది, ఆ రోజు వసారాలో నేను టీ పట్టుకు రాకముందు మీరేమన్నారో. కరుణ కోసం మీరు ఏళ్ళ తరబడి చూశారనీ, ఏ ఏటికి కరుణకి ఎన్నేళ్ళుంటాయో లెక్కేసి ఆ వయసు ఆడపిల్ల ఎక్కడ కనపడినా ముఖం కేసి చూసేవారనీ. ఒకసారి అవనిగడ్డ బజారులో, చంటిబిడ్డనెత్తుకున్న ఒకమ్మాయి వెనకాలే బస్టాండు దాకా నడిచారట. ఆ పిల్ల భయపడి, ఎవరమ్మా నువ్వు, నా వెనక పడ్డావేంటి అని కేకలేసిందట. మీరు బెంచీ మీద కూలబడి, ఆ పిల్ల బస్సు వెళ్ళిపోయేదాకా చూసి, ఇంటికొచ్చి కరుణ గౌను పెట్టెలోంచి తీసి ఎవరో పాపకి ఇచ్చేశారట. ఎదురుచూసినన్నాళ్ళూ నాకు నిరీక్షణ లేదమ్మా, ఎదురుచూడటం మానేశాకే వచ్చింది, నువ్వు కూడా మానెయ్, కానీ నిరీక్షణ విడిచిపెట్టకు అన్నారట. నేను విన్నది ఆ వాక్యం తోక ఒక్కటే.

అంటే మీరు మానెయ్యమన్నారు. అమ్మీ ఇంటికొచ్చి మానొద్దన్నారంది.

ఈ ఉత్తరం ఇలాగే పంపితే పెద్దావిడ తన మాట వల్లే ఇదంతా జరిగిందనుకుని కుమిలిపోతుంది, ఆవిడకి ఇప్పటికే మోయవలసింది చాలు, నన్ను మన్నించమని రాయి అంది. రాస్తున్నాను. మన్నించండి మామ్మా. నేను మాటకి అర్థం వెతికి పెద్ద పని చేశాననుకున్నాను. ఆ మాట మొదటి రోజు నుంచీ ఆమె చేతిలోనే ఉంది.

మరిప్పుడు ఒప్పుకుంటావా అమ్మీ అని తెలుగులోనే అడిగాను. నేనెందుకు ఒప్పుకుంటానే అంది తనూ తెలుగులోనే, కోపంగా. తర్వాత చేట ఒళ్ళోకి తీసుకుని, ఒప్పుకోలేను, ఒప్పజెప్పేస్తాను అంది. ఇచ్చినవాడికే ఒప్పజెప్పేస్తాను, జాగ్రత్తగా చూసుకోమని చెప్పి. నేను ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎక్కడా చూడలేదు మామ్మా, ఏ పుస్తకంలోనూ చూడలేదు.

అబ్బా ఇంటికి రాగానే అమ్మీ నేరుగా ఆయనతోనే మాట్లాడింది. వచ్చే వారం శుక్రవారం ఫాతెహా. అబ్బా చాప తీసి దులిపి, మళ్ళీ చుట్టి, మూలన నిలబెట్టి, దాని పక్కనే చాలాసేపు నిలబడ్డారు. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం. వేలు దక్కుతుందో లేదో తెలియదు, ఆలస్యం చేశారని జెనిఫర్ నర్సమ్మ ముందే అంది. గొళ్ళేనికి చుట్టిన గుడ్డ అమ్మీయే విప్పింది. భయ్యా నంబరుకి మాత్రం ఈ నెల కూడా రీచార్జ్ చేయించమంది.

ఇక ఇది కళ్యాణ్ అన్నయ్యకి. అమ్మీ చెప్పినట్టే రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపలేదు.

బాబూ, నువ్వు టీ కొట్టు దగ్గర నిలబడటం ప్రతిసారీ చూశాను. ఒంటి మీద వాడి నీలం చొక్కా. ఆ షెడ్డులో నేర్చుకున్న నడకే ఇద్దరిదీ. మలుపు తిరిగి నువ్వు కనపడగానే వాడే అనుకునేదాన్ని. దగ్గరికి పిలిస్తే నువ్వని తెలిసిపోతుందని పిలవలేదు. నిన్ను ఎండలో నిలబెట్టి, దూరం నుంచి నా కొడుకుని చూసుకున్నాను. వాడికి ఈత రాదు, నీకు చెప్పలేదు, పడవ ఎక్కుతున్నానని మాకూ చెప్పలేదు, నీ తప్పేం లేదు. శుక్రవారం నమాజు అయ్యాక రా. ముందు వరసలో వాళ్ళ అబ్బా పక్కన కూర్చోవాలి. చొక్కా మార్చుకుని రావద్దు. ఈసారి నువ్వేనని తెలిసే తలుపు దగ్గర నిలబడతాను.